పైడయ్య మాస్టారి నాలుగో మలుపు

నిన్న పైడయ్య మాస్టారి ముందుగదిలో ఉన్నవి: గుడ్డ కప్పిన పాత కంప్యూటరు, చుట్టి గోడకు ఆనించిన చాప, సుద్దముక్కలున్న రేకుడబ్బా, ఒక పొడుగాటి కర్ర, మాస్టారి భార్య, నేను. మాస్టారు పోయి నెల అయింది. డబ్బా మూత తీయగానే సుద్దపొడి వాసన తగిలి, మల్కాపురంలోని ఆ గదిలో నేను గడిపిన ఆరు రోజులూ వరుసగా గుర్తుకొచ్చాయి.

అప్పటికి నా డిప్లొమా పూర్తయి రెండేళ్లు, ఉద్యోగం లేదు. పిల్లలకు బొమ్మలతో లెక్కల పాఠాలు తయారుచేసే ఒక చిన్న సంస్థ సీతమ్మధారలో సోమవారం పరీక్షకు రమ్మంది. తెర మీది తాబేలుకు 'ముందుకు నూరు, కుడికి తొంభై' వంటి ఆజ్ఞలు రాసి బొమ్మ గీయించే స్క్రిప్టు భాష తెలిసి ఉండాలన్నారు. అందులో నాకు అక్షరం తెలియదు. మా పేటలో అది వచ్చినవారు ఒక్కరే. పోర్టులో క్రేను కింద నిలబడి డ్రైవరుకు చేతిసైగలిచ్చే పని వదిలేసి, సొంతంగా కంప్యూటరు నేర్చుకున్న పైడయ్య మాస్టారు.

నాలుగు రోజులు ఆయన నన్ను కీబోర్డు ముట్టనివ్వలేదు. నేను కాగితం మీద ఆజ్ఞలు రాయాలి. కర్రకు కట్టిన సుద్దతో నేల మీద గీత గీస్తూ, రాసింది రాసినట్టు ఆయన నడుస్తారు. తాబేలు ఆయనే.

"కంప్యూటరు నేర్పమంతే నేలంతా ముగ్గులేటి, సోద్యం కాకపోతే!" అని ఆయన భార్య గుమ్మంలోంచి నవ్వేవారు.

ఐదో రోజు నేను రాసింది, పక్కపక్కనే రెండు కిటికీల బొమ్మ. మొదటి కిటికీకి నాలుగు గీతలు, మూడు మలుపులు రాశాను. చతురస్రం మూసుకున్నాక మరో మలుపు దండగనిపించింది. మాస్టారు నాలుగో గీత ముగించి, గోడ వైపు ముఖంతో ఆగిపోయారు.

"తర్వాతేటుంది?"

"ముందుకు నూటయాభై, మాస్టారూ. రెండో కిటికీ కాడికి."

"ముందు గోడుంది. గుద్దీమంతావేటి బాబూ?"

నాకు విసుగొచ్చింది. "కిటికీ వచ్చీసింది కదా మాస్టారూ! ఇంక రెండ్రోజులే ఉంది. ఇలా నడుస్తా కూకుంటే నా ఉద్యోగం పోద్ది."

ఆయన గోడ వైపే చూస్తూ మాట్లాడారు. "బొమ్మ వచ్చీసింది. తాబేలు బయల్దేరినప్పుడు మొహం ఎటుంది, ఇప్పుడెటుంది? పోర్టులో నానూ ఇలాగే సేసినాను. సరుకు దిగిపోనాది, పనయిపోనాదనుకొని ఇటు తిరిగిపోనాను. హుక్కుని దాని సోటికి తెప్పించనేదు. అది ఊగొచ్చి నా జతగాడికి తగిలింది. ఆడు మరి లెగనేదు."

గుమ్మంలో ఉన్న ఆయన భార్య లోపలికి వెళ్లిపోయారు. నేను కాగితం మీద నాలుగో 'కుడికి తొంభై' రాసి చదివాను. ఆయన తిరిగారు. రెండో కిటికీ కూడా పూర్తిచేసి, కంప్యూటరు మీది గుడ్డ తీసి, "కూకో" అన్నారు.

పరీక్షలో ఐదు కిటికీల బస్సు గీయమన్నారు. నా కిటికీలు ఐదూ వరుసలో నిలిచాయి. ఇప్పటికీ ఆ సంస్థలోనే ఉన్నాను. కొత్తగా చేరినవాళ్లు ఒక్క కిటికీయే గీసేటప్పుడు ఆ చివరి మలుపు ఆజ్ఞ తీసేసి, బొమ్మలో తేడా లేదు కదా అంటారు. నిజమే, ఉండదు. వాళ్లను కుర్చీల్లోంచి లేపి నడిపిస్తాను. ఎందుకో మాత్రం ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.

నిన్న నేను బయల్దేరబోతుంటే మాస్టారి భార్య కర్ర తెచ్చి నా చేతికిచ్చారు. "ఓపాలి నడువు బాబూ. నేల బోసిగున్నాది."

సుద్ద కట్టి నడిచాను. గీతలు నాలుగు. మలుపులు నాలుగు.