పాకాల కామాక్షమ్మక్క పింగాణీ గిన్నె

మా తోడికోడలు కామాక్షమ్మ పాకాలలో పరమపదించారు. ఈ నెల మొదటి గురువారం పొద్దున తిరుపతిలో నేను బియ్యం కడుగుతుండగా ఆమె కోడలు ఫోను చేసి, "చిన్నత్తా, అత్త ఎల్లిపోయింది" అంది. కడిగిన బియ్యం వృథా కాకూడదని పక్కింటావిడను వండుకోమని చెప్పి బస్సెక్కాను. పాకాల చేరేదాకా ఆ మాట నమ్మబుద్ధి కాలేదు. నా చదువు ఐదో తరగతి దాటలేదు. మా సంఘం పత్రికవాళ్లు అడిగినందున తోచినట్లు రాస్తున్నాను.

అక్క మా అత్తవారింటికి పెద్ద కోడలు, నేను చిన్న కోడలిని. మా మామగారి తాత రంగూనులో వ్యాపారం చేసి, తిరిగివస్తూ ఒక చైనా పింగాణీ గిన్నె తెచ్చారు. తెల్లని గిన్నె మీద నీలిరంగు తీగలూ పిట్టలూ ఉంటాయి. గిన్నెలో గిన్నె అతికించినట్లు రెండు పొరల మధ్య బోలు, అంచు కింద వేలు పట్టేంత రంధ్రం. పింగాణీలో ఒకసారి తింటే ఆ ఎంగిలి కడిగినా పోదని మా ఇంటి పట్టింపు. ఊరగాయ జాడీ తప్ప వేరే పింగాణీ వంటింటి గడప దాటేది కాదు. గిన్నె ముందు గదిలో వక్కలు పోసుకోవడానికి ఉండేది. ఆ రంధ్రాన్ని పగులనుకుని, చీమలు దూరకుండా నేనే లక్కతో పూడ్చాను.

అత్తగారు పక్షవాతంతో పడకన పడ్డారు. ఒక్క గుక్క మింగడానికి చాలాసేపు పట్టేది. నాలుగు చెంచాలకే జావ చల్లారేది, చల్లారితే నోరు మూసేసేవారు. మనిషి ఎముకల గూడైపోయారు. ఎట్లా బతికించుకోవాలన్నదే ఇంటిల్లిపాదికీ దిగులు. ఒకరోజు అక్క ఆ గిన్నెను మరిగే నీళ్లతో కడుగుతుంటే లక్క కరిగి నీళ్లు బోలులోకి దిగాయి. గిన్నె లోపల చెయ్యి పెట్టి వెచ్చదనం చూసి నన్ను పిలిచింది.

"సరోజా, ఈడ సూడు. ఇది పగులు కాదే. వేడినీళ్లు పోసేదానికే చేసినారు. నువ్వేమో దాని నోరు కుట్టేసినావు."

బోలులో వేడినీళ్లు పోసి, జావ చల్లారకుండా అందులో పెడతామంటే అత్తగారు ఒప్పుకోలేదు. మాట ముద్దగా వచ్చినా పట్టుదల తగ్గలేదు.

"పింగాణీలో నేను తినను."

"ఊరగాయ జాడీ పింగాణీ కాదా అత్తా?"

"జాడీని నోట్లో పెట్టుకుంటానా?"

"దీన్ని కూడా పెట్టుకోవద్దు. నీ నోట్లోకొచ్చేది వెండి చెంచానే."

అత్తగారికి నవ్వొచ్చింది. ఆ నవ్వుకు నోరు తెరుచుకోగానే అక్క చెంచా పెట్టేసింది. అయినా పెద్దామె పట్టింపును గౌరవించి గిన్నెను పెరట్లోనే కడిగేది. తినిపించిన ప్రతిసారీ స్నానం చేసిగాని వంటింట్లోకి వచ్చేది కాదు. సబ్బు అరిగిపోతోందని నేను సణిగాను. అత్తగారు మరో మూడేళ్లు బతికారు.

ఆమె పోయాక పాతసామాన్లు కొనేవాడొకడు చిత్తూరు నుండి వచ్చి గిన్నె అడిగాడు. ఊరికే పడి ఉంది కదా, అమ్మేద్దామన్నాను.

"ఊరికే యాడుండాది? రైలు గేటు కాడ ముసలాయనకు జావ సల్లారిపోతా ఉండాది" అని అక్క దాన్ని సంచిలో పెట్టుకుని వెళ్లింది. అప్పటినుండి కులమతాలు చూడకుండా పడకన పడినవారి ఇళ్లన్నీ గిన్నె తిరిగింది. ఎవరెవరి ఎంగిలో అని నేను మొహం చిట్లిస్తే, "తినేవాళ్లకు లేని పట్టింపు నీకేల?" అనేది. ఆడంబరం లేని ఆ సేవాభావం నా బుద్ధికి అందడానికి చాలా ఏళ్లు పట్టింది.

చివరి నెలలో అక్కే పడకన పడింది. నేను వెళ్లి గిన్నె వెతికితే, పూతలపట్టులో ఒకామె దగ్గర ఉందన్నారు. తెప్పిస్తానన్నాను.

"వద్దు సరోజా. ఆ యమ్మ ఇప్పుడిప్పుడే నోరు తెరస్తా ఉండాది. నేను సల్లటిదైనా మింగుతాలే."

మళ్లీ వేడిచేసి తెస్తానంటే, "గ్యాసు దండగ అని నువ్వే కదా అంటావు" అని ఎగతాళి చేసింది. పూటపూటా చల్లారిన జావే తాగింది.

అక్కకు కర్మంతరం చేసిన నాడు పూతలపట్టు ఆమె కొడుకు గిన్నెను తువ్వాలులో చుట్టి తెచ్చాడు.

"మీయమ్మ తింటా ఉండాదా?" అని అడిగాను.

"తింటా ఉండాదమ్మా. అయినా ఇది మీ ఇంటి సొత్తు."

"తీసుకొని పో అప్పా. పనైనాక తెద్దువులే."

అతడు వెళ్లాక, ఆ తరువాత ఎవరింటికి పంపాలో నాకు తెలియలేదు. పాకాలలో ఏ వీధిలో ఎవరు మంచం పట్టారో, ఎవరికి జావ గొంతు దిగడం లేదో అక్క ఒక్కతెకే తెలుసు. ఆమె చోటు పూడేది కాదు. ఆ పుణ్యాత్మురాలికి చేతులెత్తి నమస్కరిస్తున్నాను. ఇది చదివినవారి వీధిలో జావ చల్లారి నోరు మూసుకునేవాళ్లు ఎవరైనా ఉంటే, పాకాలలో అక్క కోడలికి ఒక మాట చెప్పండి.