వీపు మీద మోకాలు

హెడ్ కానిస్టేబుల్ ఎల్లయ్య మహాత్ముడేమీ కాదు. లాఠీ వాడినవాడే. మానవత్వం మీద ఎవరైనా ఉపన్యాసం మొదలుపెడితే బాహాటంగా ఆవలించేవాడు. అలాంటి మనిషి 1998లో తనకెంతో ఇష్టమైన పనిని ఒక మోకాలి కోసం పణంగా పెట్టాడు.

మంగినపూడి దగ్గర సరుగుడు తోటలో హోంగార్డులకు శిక్షణ శిబిరం పెట్టారు. నేర్పే పని ఎల్లయ్యది. ఇరవై రెండేళ్ల సర్వీసులో పొద్దున్నే హుషారుగా డ్యూటీకి వెళ్లింది ఆ రోజుల్లోనే. మూడోనాడు ఇన్‌స్పెక్టర్ నాగేశ్వరరావు పైనుంచి వచ్చిన ఓ కాగితం తెచ్చాడు. తిరగబడ్డవాణ్ణి బోర్లా పడేసి, వీపు మీద మోకాలు పెట్టి, రెండు నిమిషాలు అదమాలట. గింజుకుంటే మరింత అదమాలట.

"ఇది నేర్పనండి," అన్నాడు ఎల్లయ్య.

"నేర్పకపోతే రేపట్నుంచి స్టేషన్లో సెంట్రీ డ్యూటీ. ఏంటయ్యా నీ బాధ?"

"మా నాన్న నాగాయలంకలో ఎడ్లకి నాడాలు కొట్టేవాడండి. కాళ్లు కట్టి పక్కకి పడేసేవాళ్లం. ఒకడు కొమ్ములు పట్టుకునేవాడు. డొక్క మీద మాత్రం ఎవడూ ఎక్కేవాడు కాదు. ఊపిరాడక చచ్చిపోద్దండి."

"ఎద్దూ మనిషీ ఒకటేనా?"

"కాదండి. ఎద్దు పోతే రైతు ఊరుకోడు."

హోంగార్డులు కిసుక్కుమన్నారు. ఇన్‌స్పెక్టర్ మొహం ఎర్రబడింది. ఎల్లయ్య టోపీ తీసి పక్కన పెట్టి, ఇసకలో బోర్లా పడుకున్నాడు.

"అప్పారావూ, రా. నేను అంకెలు లెక్కపెడతా. నూటఇరవై దాకా లేవకు."

అప్పారావు పెడనలో అద్దకం పని మానేసి హోంగార్డుగా చేరినవాడు. భయపడ్డాడు.

"నేను తొంభై ఆరు కిలోలండీ మాస్టారూ!"

"తెలుసులేరా, భోజనాల దగ్గర చూస్తున్నాగా. ఎక్కు."

ఇరవై దాకా గొంతు ఖంగుమంది. ముప్పై దగ్గర సన్నబడింది. నలభై ఒకటి పెదాల మీదే ఆగిపోయింది. గాలి కోసం ఎల్లయ్య నడుము ఎత్తబోయాడు.

"గింజుకుంటున్నారండీ!" అని అరిచి, కాగితంలో రాసినట్టే అప్పారావు ఇంకా గట్టిగా అదిమాడు.

ఇన్‌స్పెక్టరే ఉరికొచ్చి అతణ్ణి కాలరు పట్టి లాగేశాడు. ఊపిరి కోసం కొట్టుకునేవాడూ ఎదురుతిరిగేవాడూ పైనున్నవాడికి ఒకేలా కనిపిస్తారు. ఆ సంగతి తెలియడానికి సదస్సులేవీ అక్కర్లేకపోయింది.

ఎల్లయ్య లేచి కూర్చుని ఇసక ఉమ్మాడు. "ఎంతదాకా వచ్చానండీ?"

"నలభై ఒకటి." నాగేశ్వరరావు కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. "దీని సంగతి పైవాళ్లతో నేను మాట్లాడతా. బేడీలేశాక పక్కకి తిప్పడం ఎలాగో నువ్వే నేర్పు."

"అయితే అప్పారావుని పడుకోమనండి. నాక్కాస్త కసిగా ఉంది."

ఆ పూట శిబిరం మొత్తం మనిషిని పక్కకి తిప్పడం నేర్చుకుంది. అప్పారావు దగ్గర మాత్రం నలుగురు పట్టాల్సొచ్చింది.