ఎడమ చెంప మీద పుట్టుమచ్చ

ఆ రోజుల్లో మనిషికి ఆస్తిపాస్తులు లేకపోయినా గడిచేది గానీ, రెండు పుట్టుమచ్చలు లేకపోతే గడిచేది కాదు. స్కూలు రిజిస్టరు దగ్గర్నుంచి ఉద్యోగం కాగితం దాకా ప్రతిదాంట్లోనూ 'గుర్తింపు చిహ్నాలు' అని రాసి, కింద ఒకటి, రెండు అంకెలు వేసి ఖాళీ గీతలు ఉంచేవారు. నాకు మోచేతి మీద ఒక్కటే ఉందని తేలినప్పుడు మా తెనాలి స్కూల్లో క్లాసు టీచరు నన్ను వరండాలో వెలుతురులోకి లాక్కెళ్ళి, మెడా చెవులూ తిప్పి చూసి, చివరికి ఆటలమ్మ పోసిన మచ్చ ఒకటి కనపడితే "హమ్మయ్య, బతికించావే" అని రాసుకుంది. (ఆటలమ్మ పోయని పిల్లల గతి ఏమయ్యేదో నాకిప్పటికీ తెలియదు.) అలాంటి చోట చదువుకున్నదాన్ని కాబట్టి, తర్వాత నేను వెలగబెట్టిన ఘనకార్యానికి పూర్తి బాధ్యత నాది కాదని నా వాదన. మీరు ఒప్పుకోనక్కర్లేదు.

డెబ్భైల మొదట్లో టైపు పరీక్ష పాసై, బాపట్లలో అనాథ పసిపిల్లల్ని పెంచే ఒక చిన్న క్రైస్తవ హోమ్‌లో టైపిస్టుగా చేరాను. నాకప్పుడు ఇరవై ఏళ్ళు. రోజూ పొద్దున్నే తెనాలిలో పాసింజరు ఎక్కి, చుండూరులో ఎక్కే కూరగాయల గంపల మధ్య చీర కుచ్చిళ్ళు నలగకుండా కాపాడుకుంటూ, దేశాన్ని నేనే నడుపుతున్నట్టు దిగేదాన్ని. హోమ్‌కి పెద్ద ఒక రిటైరైన హెడ్‌మిస్ట్రెస్. అందరూ పెద్ద టీచరమ్మ అనేవాళ్ళు. పిల్లల గది మాత్రం ఆయమ్మ రాజ్యం. రేపల్లె మనిషి, యాభై దాటిన వితంతువు, నన్ను 'టైపమ్మాయ్' అని పిలిచేది. పసిపిల్ల నిద్రపోతుంటే గుమ్మంలోంచి తొంగి చూసినా ఊరుకునేది కాదు. "నీ కాగితాలు నువ్వు చూసుకో తల్లీ, నా పిల్లల్ని నేను చూసుకుంటా" అనేది. అంతకంటే మంచి ఏర్పాటు లేదని నేనూ అనుకున్నాను.

ఆ హోమ్‌లో బుజ్జి అనే పిల్ల ఉండేది. రేపల్లె ఆసుపత్రిలో పుట్టిన వారానికి తల్లి పోతే మా దగ్గరికి వచ్చింది. ఆ పిల్లని పెంచుకుంటామని ఒక విదేశీ జంట ముందుకొచ్చింది. దొరగారు రేపల్లె చుట్టుపక్కల ఉప్పునీటి ఊళ్ళలో చేతిపంపులు వేయించడానికి వచ్చినాయన, దొరసానిగారు నర్సు. పెళ్ళయి పదకొండేళ్ళైనా పిల్లల్లేరు. దొరగారు తెలుగు పంపుల పనివాళ్ళ దగ్గర నేర్చుకున్నారు, దొరసానిగారు బైబిలు చదివి నేర్చుకున్నారు. అందుకని ఆయన జీపు దిగుతూనే "ఏంటమ్మాయ్, మన కాగితం ఎందాకా వచ్చిందీ?" అనేవారు. ఆవిడ మాత్రం "సమాధానముగా ఉండుము, దేవుడు ఆలస్యము చేయడు" అనేది. (కాగితం మాత్రం చాలా ఆలస్యం చేసేది.) ప్రతి శనివారం వచ్చి, బుజ్జిని ఒళ్ళో పెట్టుకుని, మోకాళ్ళ మీద కూర్చుని ప్రార్థన చేసి వెళ్ళేవాళ్ళు. ఆ పిల్లకి తొడగడానికి ఆవిడ ఒక ఉన్ని టోపీ అల్లింది. ఎదురుచూపులు సాగేకొద్దీ దాన్ని విప్పి, ఇంకాస్త పెద్దదిగా మళ్ళీ అల్లేది.

వాళ్ళ కోసం నేను మొదటి నెలలోనే టైపు చేసిన కాగితం 'శిశు వివరణ పత్రం'. అయిదు కాపీలు, నాలుగు కార్బన్లు. బరువు, పొడవు, రక్తం గ్రూపు అన్నీ కొట్టుకుంటూ వచ్చి గుర్తింపు చిహ్నాల దగ్గర ఆగాను. లోపల పిల్ల నిద్రపోతోంది, గుమ్మంలో ఆయమ్మ కూర్చుంది. బల్ల మీద తెనాలి స్టూడియో నుంచి అప్పుడే వచ్చిన బుజ్జి ఫోటో ఉంది. నాలుగు నెలల పిల్ల, కాలెత్తి నవ్వుతోంది. ఎడమ చెంప మీద గుండ్రటి నల్లటి మచ్చ, ఎత్తిన అరికాలిలో ఇంకోటి! నా స్కూలు రిజిస్టరు గుర్తొచ్చి, ఈ పిల్ల ఎంత అదృష్టవంతురాలో అనుకున్నాను. రెండూ కొట్టేశాను. పెద్ద టీచరమ్మ సంతకం పెట్టింది. ఆ కాగితాన్ని చూసి కోర్టువారు పిల్లని ఆ జంటకి అప్పగిస్తూ ఉత్తర్వు రాశారు, ఉత్తర్వు చూసి వాళ్ళ దేశంవారు అనుమతి రాశారు. నా రెండు పుట్టుమచ్చలు సముద్రాలు దాటి, ముద్రలు వేయించుకుని, ఏడాది తర్వాత బాపట్ల తిరిగొచ్చాయి.

ఇక మిగిలింది ఒక్కటే. పిల్లకి పాస్‌పోర్టు ఇవ్వాలంటే ప్రభుత్వ డాక్టరు ఆ వివరణతో పిల్లని సరిచూసి సంతకం పెట్టాలి. దొరగారి జంట వీసా గడువు ఇంకా మూడు వారాలుంది. అది దాటితే వాళ్ళిద్దరూ పిల్ల లేకుండానే వెళ్ళిపోవాలి. డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాల్సిన రోజు పొద్దున, గబగబా తీసుకెళ్దామని నేను స్నానాల గదిలోకి దూరాను. ఆయమ్మ కాళ్ళ మీద నీళ్ళోడుతూ బుజ్జి కూర్చుంది. చెంప అద్దంలా ఉంది, అరికాలూ అంతే.

"ఆయమ్మా! పిల్ల మారిపోయింది!" అని కేకేశాను.

"మారడమేంటే, నీ మొహం! పొత్తిళ్ళ నుంచీ నేనే పెంచాను."

"మరి పుట్టుమచ్చ?"

ఆయమ్మ నన్ను ఎగాదిగా చూసింది. "అది దిష్టి చుక్కమ్మాయ్! తుడవకుండా ఉంచుతామా? స్నానం కాంగానే మళ్ళీ పెడతా" అంది. పెద్ద టీచరమ్మ దిష్టి చుక్కలు మూఢనమ్మకమని ఎప్పుడో నిషేధించింది. (ఆవిడ కళ్ళద్దాలు చదవడానికే పెట్టుకునేది కాబట్టి నిషేధం బాగానే అమలవుతోందని అనుకునేది.) కాగితంలో ఏం రాశానో చెప్పాను. ఆయమ్మ క్షణం ఆలోచించి "దీనికేముంది, ఇవాళ కాస్త గట్టిగా పెడతా" అంది. సిగ్గు విడిచి చెబుతున్నాను, నేను సరేనన్నాను.

తెనాలి ఆసుపత్రిలో డాక్టరమ్మ గదిలోకి వెళ్ళేదాకా పుట్టుమచ్చ తన చోటనే ఉంది. స్టెతస్కోపు చల్లగా తగిలేసరికి బుజ్జి ఆరున్నొక్క రాగం అందుకుంది. కన్నీళ్ళతోపాటు పుట్టుమచ్చ కూడా మెల్లగా బయల్దేరి, చెంప దిగి, గడ్డం దగ్గర ఆగింది. డాక్టరమ్మ కాగితం చూసింది, పిల్లని చూసింది, చివరికి నన్ను చూసింది. నేను ఏడుస్తూ అంతా కక్కేశాను. ఆవిడ నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. "కాగితంలో ఉన్న పిల్ల ఈ పిల్లేనని నేనెలా రాయనమ్మా? కోర్టు ఉత్తర్వు దిద్దించుకు రండి" అంది. ఆవిడ మాటలో న్యాయముంది. ఆ న్యాయానికి రెండు నెలలు పడుతుందని మా ప్లీడరుగారు చెప్పారు.

ఆ సాయంత్రం దొరసానిగారి ముందు తల దించుకుని నిలబడ్డాను. తిట్టినా బాగుండేది. "అప్పుడప్పుడు ఆ మచ్చ కుడి చెంపకు మారుచుండుట నేనును చూచితిని. ఈ దేశమున అట్లుండునేమో అనుకొంటిని" అని నా చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. ప్రార్థనలో బుజ్జి పేరు కంటే ముందు నా ఉద్యోగం పోకూడదని అడిగింది. దొరగారు కిటికీలోంచి బయటికి చూస్తూ ఉండిపోయారు. ఆయన చేతిలో ఆ ఉన్ని టోపీ ఉంది. నా జన్మలో అంత సిగ్గుపడింది లేదు.

మర్నాడు పొద్దున ఆయమ్మ మొదటిసారి నన్ను లోపలికి పిలిచి, బుజ్జిని నా ఒళ్ళో వేసి "ఈసారి కళ్ళతో చూసి రాసుకో" అంది. తల నుంచి కాళ్ళ దాకా వెతికాను. మెడ వెనక ఆవగింజంత పుట్టుమచ్చ, ఎడమ మోకాలి మీద పడి గీసుకున్న మచ్చ దొరికాయి. ఏడాదిగా ఆ పిల్ల బరువు ఔన్సులతో సహా టైపు కొట్టినదాన్ని, ఎత్తుకుంటే ఎంత బరువుంటుందో ఆ రోజే తెలిసింది. నా గాజులు లాగి నోట్లో పెట్టుకుంది. కాసేపటిదాకా నేను ఏమీ రాయలేదు.

ప్లీడరుగారు కాళ్ళా వేళ్ళా పడి పదో రోజుకి కోర్టులో వాయిదా వేయించారు. సాక్షులం నేనూ, ఆయమ్మా. నా వంతు వచ్చినప్పుడు పేరూ ఊరూ చెప్పి ఏడుపందుకున్నాను. ఆయమ్మ మాత్రం బోనులో కొంగు సర్దుకుని నిలబడింది.

"క్రైస్తవురాలివి కదమ్మా, దిష్టి చుక్క ఎందుకు పెట్టావు?" అన్నారు జడ్జిగారు.

"ప్రభువుని నమ్ముకున్నానండి బాబుగారూ. జనం కళ్ళని మాత్రం నమ్మనండి. దేశాలు తిరిగే ఫోటోకి పిల్లని ఉత్తి చెంపతో ఎట్టా కూర్చోబెడతామండి? తమరింట్లో పెట్టలేదాండి?"

జడ్జిగారు కళ్ళద్దాలు తీసి తుడుచుకుని "పెట్టాం, పెట్టాం" అన్నారు. ఆ పూటే ఉత్తర్వు దిద్దించి ఇచ్చారు. డాక్టరమ్మ ఈసారి నవ్వుతూ సంతకం పెట్టింది. పాస్‌పోర్టు వచ్చేసరికి గడువు ఇంకా మూడు రోజులుంది.

బాపట్ల స్టేషన్లో మద్రాసు బండి ఎక్కించడానికి హోమ్ హోమంతా వచ్చింది. దొరసానిగారు అందర్నీ కౌగిలించుకుని "మన ప్రార్థన ఆలకింపబడెను" అంటూ ఏడ్చింది. దొరగారు పిల్లని భుజాన వేసుకుని కిటికీ దగ్గర నిలబడి, బండి మలుపు తిరిగేదాకా దాని చెయ్యి పట్టుకుని ఊపిస్తూనే ఉన్నారు. అందరూ వెళ్ళిపోయాక ఆయమ్మ ఇంకా ప్లాట్‌ఫారం మీదే ఉంది. నేను పక్కన నిలబడితే, నా వైపు చూడకుండా అంది:

"ఏడాది నుంచీ అందరూ కాగితాలు రావాలని ప్రార్థన చేస్తుంటే, నేను పక్కన మోకాళ్ళేసి, రాకూడదని చేశానమ్మాయ్."

నాకు అప్పుడు తట్టింది. కోర్టులో ఆవిడ నోరు విప్పకపోయి ఉంటే చాలు, ఆ ప్రార్థన ఫలించేది. బాపట్ల నుంచి బండెక్కి వెళ్ళి, ఆ బోనులో నిలబడి, తన పిల్లని తన నోటితోనే పంపించేసింది. ఇప్పటి నేనైతే ఆవిణ్ణి దగ్గరికి తీసుకుని ఉండేదాన్ని, ఏదో ఒక మంచి మాట చెప్పి ఉండేదాన్ని. అప్పటి నేను, గంటకి పన్నెండు పేజీలు కొట్టగల ఆ టైపమ్మాయి, ఒక్క మాట కోసం చాలాసేపు వెతుక్కుని, చివరికి "వెళ్దాం ఆయమ్మా, మిగతావాళ్ళకి పాల వేళయింది" అంది.

ఆవిడ కళ్ళు తుడుచుకుని నాకంటే ముందే నడిచింది.