ఉప్పు చూసే జయానందం

మెదక్ పెద్ద చర్చిలో ప్రేమవిందు జరిగితే ఉప్పు చూసేది జయానందమే. బోరు మోటార్లు బాగుచేయడం ఆయన బతుకుతెరువు, ఉప్పు చూడడం ఆయన హోదా. ఆయన తల ఊపితే తప్ప వంట డేగిశ పొయ్యి దిగేది కాదు. ఆ చూడడమూ మామూలుగా ఉండేది కాదు. పళ్లెం నిండా తిని, "ఇంక సక్కగ తెలుస్తలేదు" అని రెండో పళ్లెం పట్టేవాడు.

అలాంటి మనిషికి కడుపులో కేన్సరు వచ్చింది. హైదరాబాద్ దవాఖానలో సగానికి పైగా పొట్ట తీసేశారు. "కొంచెం కొంచెం, మాటిమాటికీ తినాలి. పప్పు, గుడ్డు, చేప మెత్తగా పెట్టండి. తీపి వద్దు. బరువు ఇంకా తగ్గితే గొట్టం వేసి పాలు పోయాల్సి వస్తుంది" అని చెప్పి డాక్టరమ్మ ఇంటికి పంపింది.

భార్య ఎలిశిబా చిన్న గిన్నెలో పప్పన్నం తెచ్చింది.

"గిదేంది? పసిపోరనికి పెట్టినట్టు! పెడితే పళ్లెం నిండ పెట్టు, లేకుంటే వద్దు."

"గట్లనద్దు, జరంత తినున్రి."

వినలేదు. ఓసారి పళ్లెం నిండా తిననే తిన్నాడు. చెమటలు పట్టి, గుండె దడదడలాడి, మంచానికి అడ్డం పడ్డాడు. ఆ భయంతో తిండే మానేశాడు. ప్యాంటు నడుము మీద నిలవడం మానేసింది.

ఎదురింటి పద్మమ్మకు తెలియకుండా ఉంటుందా? ఎవరింట్లో పాలు విరిగినా వాడకట్టులో ముందు ఆమె ముక్కుకే తగులుతుంది. వచ్చి ఎలిశిబా కన్నీళ్లు తుడిచి వెళ్లిన పద్మమ్మ, మర్నాడు పొద్దున్నే గిన్నెతో దిగింది.

"తమ్మీ, జర ఉప్పు చూడు. నా నాలిక సచ్చింది. కోడలేమో మస్తుగుందంటది, దాని మాట నమ్ముతనా?"

ఉప్పు అనేసరికి జయానందం లేచి కూర్చున్నాడు. చెంచాడు పప్పు నమిలి నమిలి తీర్పు చెప్పాడు.

"తక్కువైందక్కా."

"అడుగున ఉన్నదేమో, ఇంకో చెంచ చూడు."

కాసేపటికి పక్కింటి అంకిత గుడ్డుకూర పట్టుకొచ్చింది. మధ్యాహ్నం ఇంకెవరో చేప ముక్క. వాడకట్టు ఆడవాళ్లందరికీ ఒక్కసారే తమ ఉప్పు మీద అనుమానం పుట్టింది.

మోటారులో కాలిన తీగను వాసనతో పట్టే మనిషికి ఇది దొరకదా?

"ఎలిశిబా, మార్కెట్ల మిరపకాయలు దొరుకుతలేవా? ఎవరి కూర చూసినా కారమే లేదు. ముల్లు గూడ తీసే తెస్తున్నరు!"

ఎలిశిబా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

తర్వాతిసారి దవాఖానలో బరువు చూస్తే కాస్త పెరిగింది. గొట్టం అక్కర్లేదన్న డాక్టరమ్మ, "ఇంట్లో బాగా చూసుకుంటున్నారే!" అంది.

"ఏం చూసుడో మేడం, మా వాడకట్టుల ఒక్కలకన్న ఉప్పు ఎయ్యరాదు."

ఆ సాయంత్రం పద్మమ్మ గిన్నె కొంగు చాటున పెట్టుకొని వచ్చింది. "మంచిగైనవట గద తమ్మీ. ఇగ ఉప్పు చూసుడు బందు పెడుదమా?"

"ఎట్ల బందు పెడ్తవ్? నిన్నటి నీ కూర నోట్ల పెట్టరాలె. నీ నాటకం సంగతి తర్వాత మాట్లాడుదం గని, ముందు ఆ గిన్నె ఇటియ్యి."