చేయి చాచి పట్టుకున్న పుస్తకం

మొన్న మా మునిమనవరాలి బడి నుంచి ఒక కాయితం వచ్చింది. ఇప్పుడు తానే అమ్మమ్మ అయిన నా పెద్దబిడ్డ దాన్ని అందుకొని, చేయి బారెడు చాచి దూరంగా పట్టుకొని చూసి, "ఏం రాసిండ్రే అమ్మా?" అని నాకిచ్చింది. ఆ చాచిన చేయి చూడగానే అరవై ఏండ్ల కిందటి ఒక దినం కళ్ళ ముందు నిలబడింది.

నిజాం రాజ్యం పోయిన ఏడు నాకు పదమూడో పద్నాలుగో. ధారూర్ పక్కన మా పల్లెలో చదువు వచ్చినవాళ్ళు పట్వారీ, టపా తెచ్చే తాత, ఇద్దరే. ఇద్దరూ ముసలివాళ్ళు కావడంతో ఏ కాయితమైనా చేయి చాచి, మెడ వెనక్కి వాల్చి చదివేవాళ్ళు. చదువుకున్నవాళ్ళు కాయితాన్ని అలాగే పట్టుకుంటారని, అదొక మర్యాద అని నా మనసులో పడిపోయింది. బడి గడప తొక్కనిదాన్ని, అంతకంటే నాకేం తెలుస్తుంది?

పెళ్ళయి తాండూరు వచ్చాను. మా ఆయన కరణ్‌కోట తోవలో బండల గనికి కూలికి పోయేవాడు. పెద్దబిడ్డను సర్కారు బడిలో వేశాము. సాయంత్రం జొన్నలు చెరుగుతూ దానిచేత పాఠం చదివించేదాన్ని, తడబడినప్పుడల్లా ఒక గింజ పక్కన పెట్టేదాన్ని. నాకు చేతనైన పరీక్ష అదొక్కటే. మూడో తరగతికి వచ్చేసరికి గింజ తీసే పనే లేకపోయింది. అచ్చం పట్వారీలాగే పుస్తకం దూరంగా పట్టుకొని గడగడ చదివేది. పక్కింటి వదిన, "నీ బిడ్డ తాసిల్దారైతే మమ్ముల గుర్తు పడ్తదా?" అని ఎగతాళి చేసినా నాకది దీవెనలాగే వినబడేది.

అందుకే పంతులు, "నోరు మంచిగుందమ్మా, అక్షరమే పట్టుబడ్తలేదు, ఇంకో ఏడు ఇదే తరగతిల ఉంచుదాం" అన్నప్పుడు, కూలోళ్ళ పిల్ల ముందుకు పోతుంటే ఓర్వలేకపోతున్నాడనుకున్నాను. "పంతులు ఊకెనే అంటడా?" అని మా ఆయన నసిగినా వినలేదు. వికారాబాద్‌లో ఒక బోర్డింగు బడి ఉందని, బాగా చదివే బీదపిల్లలకు తిండి పెట్టి చదువు చెబుతారని తెలిసి, దానికి రెండు జడలు వేసి ప్యాసింజరు బండిలో తీసుకుపోయాను.

అక్కడి పంతులమ్మ అది ఎన్నడూ చూడని పుస్తకమొకటి తెరిచి ఇచ్చింది. నా బిడ్డ చేయి చాచి పట్టుకుంది. చూశారా అన్నట్టు నేను చుట్టూ చూశాను. అది పుస్తకాన్ని ఇంకొంచెం దూరం జరిపింది. తర్వాత ఒక్క తడబాటు లేకుండా మొదలుపెట్టింది, తాండూరు పుస్తకంలోని వానాకాలం పాఠం. ఇన్నేండ్లూ పక్కపిల్లలు చదువుతుంటే విని బట్టీ పట్టిందే నాకు అప్పజెప్పిందని అప్పుడు తెలిసింది. పంతులమ్మ మెల్లగా, "ఈ పుస్తకంల గా పాఠం లేదు బిడ్డా" అంది. కిటికీ దగ్గర పిల్లలు నవ్వారు. అందరి ముందే దాని చెంప పగలగొట్టాను.

తిరుగుబండి ధారూర్ దాటాక అది వెక్కుతూనే, "అక్షరాలు చీమల్లెక్క పాకుతున్నయే అమ్మా" అంది. "సాకులు చెప్పకు, మొద్దుదానా" అన్నాను. ఆ మాట నేనే దాని నెత్తిన పెట్టాను. మరుసటి వారం నుంచి బడి మాన్పించి, తండ్రి వెంట బండల అంచులు చెక్కడానికి పంపాను. దగ్గర ఉన్న ఉలి సరిగా కంటికి ఆనక సుత్తి వేళ్ళ మీద పడేది. ఎడమచేతి రెండు వేళ్ళు వంకరపోయి మళ్ళీ సాపు కాలేదు. అది కూడా దాని పరధ్యానమే అన్నాను.

చాలా ఏండ్ల తర్వాత, జుట్టు నెరిశాక, నేను పెద్దల బడికి పోయి పలక పట్టాను. మొదటిరోజే చదువు చెప్పే పిల్లతో, "చీమలు పాకుతున్నట్టున్నయి బిడ్డా" అన్నాను. అది తిరుగుబండిలో నా బిడ్డ అన్న మాటే. కళ్ళ డాక్టరుకు చూపిస్తే నాకు అద్దాలు వచ్చాయి, చీమలు నిలబడ్డాయి. ఆ వారమే నా బిడ్డనూ తీసుకుపోతే, పుట్టినప్పటి నుంచీ దగ్గరివి ఆనని చూపు, చిన్ననాడే పెట్టవలసింది, ఇప్పుడు అద్దాలు పెట్టినా అంతంత మాత్రమే అన్నాడు డాక్టరు. నేను ఏడ్చాను. అది మాత్రం నవ్వి, "పోనియ్యే అమ్మా, అద్దాలున్నా నాకు చదువు వస్తుండెనా?" అంది.

ఇప్పటి బడుల్లో పిల్ల వెనకబడితే ముందు కళ్ళు చూస్తున్నారు, ఇంటికి కబురు పెడుతున్నారు. అదే మేలు. ఆ రోజుల్లో నావంటి తల్లులు పిల్లల చదువును చెవులతోనే కొలిచారు.

మొన్నటి ఆ కాయితాన్ని నేను లోపలే కూడబలుక్కుంటుంటే, నా బిడ్డ ఆగలేక, "ఏందే, పొల్ల మొద్దు అని రాసిండ్రా?" అని అడిగింది.

"కాదు బిడ్డా, కండ్లద్దాలు కావాలంట" అన్నాను.

"గంతేనా" అంది.