ఎనిమిదో బోల్టు

మొన్న ఖరగ్‌పూర్ మలంచా రోడ్డులో మా వాడి సైకిలు బాగుచేయిస్తూ నిలబడితే, కొట్టు మనిషి తుప్పు పట్టిన గొలుసును కిరసనాయిలు గిన్నెలో ముంచాడు. ఆ వాసన తగలగానే, ఎవరూ ఏమీ అనకుండానే, యాభై దాటిన నేను రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాను. కిరసనాయిలు దగ్గర నా చేతులకు మంచి పేరు లేదు.

నా తొమ్మిదో ఏట, శ్రీకాకుళం దగ్గర పల్లెలో నన్ను పెంచిన అమ్మమ్మ పోయాక, నాన్న వచ్చి నన్ను ఖరగ్‌పూర్ తీసుకొచ్చాడు. అమ్మ నా రెండో ఏటనే పోయింది. ఆమె ముఖం నాకు గుర్తు లేదు. నాన్న ముఖం గుర్తుందంటే అదీ అంతంతే, ఏడాదికోసారి బిస్కట్ల డబ్బాతో వచ్చి మూడోనాడు వెళ్లిపోయే మనిషి. ఆయన రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. పొద్దున సైరన్ కూయగానే సైకిళ్ల మీద మగవాళ్లంతా ఎర్రమట్టి రోడ్డు వెంట వరదలా కదిలిపోయేవారు, ఆ తర్వాత సాయంత్రం వీధిలో బొగ్గుల పొయ్యిల పొగ లేచేదాకా ఆ క్వార్టరులో నేనూ, గోడ మీది గడియారమూ. పిల్లలు బంగ్లాలోనూ హిందీలోనూ ఆడుకునేవారు. నాకు ఆ రెండూ రావు. మాట్లాడకపోతే నోరు పూడుకుపోతుందేమోనని భయమేసి గడియారానికి కథలు చెప్పేదాన్ని. అది వినివిని ఒకరోజు ఆగిపోయింది కూడా. సాయంత్రం నాన్న వచ్చి, చోడంబలి, అంటే రాగి జావ, కాచి, నా గిన్నె నింపి, తన గిన్నె నింపుకునేవాడు. "సాలా?" అనేవాడు. "సాలు," అనేదాన్ని. ఆ రోజుకు మా మాటలు అయిపోయేవి.

అలాంటి ఇంట్లోకి వానాకాలం మొదట్లో ఒక డ్రమ్ము వచ్చింది. పక్క క్వార్టర్ల బారులో ఉండే ఆంగ్లో ఇండియన్ గార్డు ఒకాయన కుటుంబంతో సముద్రాలు దాటి వెళ్లిపోతూ, బొగ్గుల గదిలో పడున్న దాన్ని నాన్న చేతికిచ్చాడు. బ్యాండు వాళ్లు నడుముకు తగిలించుకుని రెండు పుల్లలతో టరటరలాడించే సైడు డ్రమ్ము. ఇత్తడి డొల్ల నల్లబడి, తోలు చిరిగి, అడుగున గలగలలాడాల్సిన తీగలు తుప్పుతో ముద్దకట్టి ఉన్నాయి. తోలు మార్చాలంటే దాన్ని పట్టి ఉంచిన రింగు తీయాలి, రింగు తీయాలంటే చుట్టూ ఉన్న ఎనిమిది పొడుగాటి బోల్టులు విప్పాలి. ఆ ఎనిమిదీ, అవి పుట్టినప్పుడే ఇత్తడితో కలిసి పుట్టినట్టు బిగిసిపోయి ఉన్నాయి. నాన్నకు సంగీతం తెలియదు. కానీ బిగిసిపోయిన వస్తువు ఇంట్లో ఉంటే ఆయనకు ముద్ద దిగదు.

మొదటి ఆదివారం పెరట్లో గోనెపట్టా పరిచి, డ్రమ్మును ఒళ్లో పెట్టుకుని, కోడి ఈకతో ఒక్కో బోల్టు మొదట్లో కిరసనాయిలు చుక్కలు వేశాడు. నేను గుమ్మంలో నిలబడి చూస్తున్నాను.

"ఏటి సూస్తన్నావు? కూకో," అన్నాడు. "సెయ్యి మాత్రం ఎట్టకు. సెమటలో ఉప్పుంటాది. ఉప్పు తగిల్తే ఇనుము మొండికేస్తాది."

చుక్కలు వేశాక ఇనుము తాగేదాకా ఆగాలి. ఆగినంత సేపు మనిషి ఏం చేస్తాడు? నాన్న మాట్లాడటం మొదలుపెట్టాడు. రెండు నెలలుగా "సాలా" తప్ప మాటరాని మనిషి ఆ పట్టా మీద కూచుని చెప్పిన కోతలు నేను ఇప్పటికీ సగం కూడా కోయలేను. దోసెడు మరమరాలు పెడితే గాని కదలని ఇంజను కథ చెప్పాడు. మన స్టేషను ప్లాట్‌ఫారం ఎంత పొడుగంటే, ఈ కొసన పెళ్లికూతురుగా దిగినామె ఆ కొసకు నడిచేసరికి చంకలో బిడ్డ ఉందని చెప్పాడు. కథ మంచి పట్టులో ఉండగా స్పానరు తీసి, బోల్టును ముందు రవ్వంత బిగించే వైపే తిప్పేవాడు.

"ఎదురెల్తే ఇరిగిపోతాది అమ్మీ. దాని దారినే రవ్వంత పోనిచ్చి, అప్పుడు ఎనక్కి తిప్పాల."

టిక్కుమని తుప్పు విరిగేది. బోల్టు ఊడిన నిమిషంలోనే కథ కూడా ముగిసేది. అది మా ఇద్దరి మధ్యా రాయని ఒప్పందం: ఒక బోల్టుకు ఒక కథ.

నాలుగు బోల్టులు ఊడేసరికి నాకు లెక్క అర్థమైంది. ఎనిమిదీ ఊడితే మళ్లీ "సాలా", "సాలు". అందుకని నాన్న వర్క్‌షాపుకెళ్లిన పగళ్లలో మిగిలిన బోల్టుల మొదట్లో ఉప్పునీళ్లు పోయడం మొదలుపెట్టాను. ఐదోది నాలుగు ఆదివారాలు పట్టింది, ఆరోది ఆరు. "ఇదేటిది, రోజురోజుకీ ముదిరిపోతంది!" అని నాన్న బుర్ర గోక్కునేవాడు. నేనూ గోక్కునేదాన్ని. దుర్గాపూజ ఢాకీల డోళ్ల మోత వచ్చి వెళ్లింది, వీధిలో చలికాలపు ఖర్జూర బెల్లం కుండల వాళ్ల కేకలు మొదలయ్యాయి, మా డ్రమ్ము ఇంకా పెరట్లోనే ఉంది.

ఏడోది ఊడిన ఆదివారం, నాన్న ఎనిమిదోదానికి చుక్కలేసి, ఈకను గిన్నె అంచుకు తుడిచాడు.

"ఇది మీ అమ్మ కత," అన్నాడు.

నేను పట్టా మీద ఇంకాస్త దగ్గరికి జరిగాను. ఆ ఇంట్లో అమ్మ మాట రావడం అదే మొదటిసారి.

"కాపరానికొచ్చిన దినం మీ అమ్మ బండి దిగింది. నేను డూటీలో ఇరుక్కుపోయి ఎల్లనేకపోనాను. హిందీ రాదు, బంగ్లా రాదు. సంకలో బట్టల మూట, సేతిలో బుట్ట, బుట్టలో కోడి. అంత ప్లాట్‌ఫారంలో ఒక్కతీ నిలబడి, నల్లకోటు టీసీ ఎదురైతే, ఆయన టిక్కెట్టు అడగకముందే ఈవిడే ఆయన కోటు పట్టుకున్నాది. పట్టుకుని ఏటడిగిందో తెలుసా?"

"ఏటడిగింది నానా?"

స్పానరు వేసి తిప్పాడు. బోల్టు కదల్లేదు.

"ఊడినాక సెప్తాను," అన్నాడు, కళ్లలో నవ్వుతో. "వచ్చే ఆదివారం."

ఆ వారం నేను పడ్డ పాట్లు ఎవరికీ వద్దు. ఆ మాట వినాలి. విన్నాక ఆదివారాలు అయిపోకూడదు. బోల్టు ఎంతకీ ఊడకపోతే విసిగి ఆ మాటైనా చెప్పేస్తాడని ఆశ. రెండూ కావాలనుకున్న బుద్ధికి ఉప్పునీళ్లు చాలవనిపించింది. ఊరి నుంచి తెచ్చిన జాడీలో, ఉప్పులో ఊరిన నిమ్మకాయల ఊట ఉంది. రోజూ పొద్దునా మధ్యాహ్నమూ గరిటెడు చొప్పున ఎనిమిదో బోల్టుకు తాగించాను. శనివారానికి అక్కడ బోల్టు అనేది కనబడలేదు, ఎర్రటి పొక్కు ఒకటి కనబడింది.

ఆదివారం నాన్న తిప్పాడు, తట్టాడు, మళ్లీ చుక్కలేశాడు. కథ ఊసెత్తకుండా పంటి బిగువున తంటాలు పడుతున్నాడు. సరిగ్గా అప్పుడే ఆయనతో పనిచేసే బెంగాలీ మిస్త్రీ వచ్చాడు. నేను ఆయన్ని కాకు, అంటే బాబాయి, అనేదాన్ని, మంచి మనిషి. చూసి పగలబడి నవ్వాడు.

"అరే దాదా, ఏటి ఇది? దొష్ మినిట్, పది నిమిషాల పని! ఫిట్టరువై ఉండి ఆరు నెలలు పిల్లి గోకినట్టు గోకుతున్నావా?"

వద్దనేలోపే ఇంటికెళ్లి, మంట చిమ్మే ఇత్తడి దీపం తెచ్చి వెలిగించాడు. నీలం మంట డొల్ల మీద పడింది. ఇత్తడి వేడెక్కింది. పెరడంతా గుప్పుమని మాడిన నిమ్మకాయ ఊరగాయ వాసన.

"ఇది డ్రమ్మా, ఆచార్ జాడీనా?" అని కాకు ముక్కు మూసుకుని నవ్వుతూనే స్పానరు తిప్పాడు. బోల్టు చేతిలోకి వచ్చేసింది. సహాయం చేసిన సంతోషంతో టీ అయినా తాగకుండా వెళ్లిపోయాడు.

నాన్న చల్లారిన బోల్టును వేలితో తడిమి, ఆ వేలు నాలుకకు తాకించుకున్నాడు. జాడీ వైపు చూశాడు. తర్వాత నన్ను చూశాడు. దెబ్బ పడుతుందనుకున్నాను.

"నీకిష్టం నేకపోతే ఒద్దని సెప్పొచ్చు కదే అమ్మీ," అన్నాడు మెల్లగా.

నాకు డ్రమ్మే తోచింది. భయంతో గబగబా, "తప్పయిపోనాది నానా. ఇంకెప్పుడూ దాని జోలికెల్లను," అన్నాను.

"సరే," అన్నాడు. "నేనూ ఎల్లను."

అంతే. డ్రమ్ముకు కొత్త తోలు వేసి, నెల తిరక్కుండానే కాలనీ బ్యాండు వాళ్లకు ఇచ్చేశాడు. అమ్మ మాట మళ్లీ ఎత్తలేదు. నాన్న అన్న ఆ "ఒద్దు" డ్రమ్ము గురించి కాదు, అమ్మ కథ గురించనీ, నేను అన్న "దాని"లో ఆయన అమ్మను విన్నాడనీ నాకు తట్టేసరికి నాకే పెళ్లీడు వచ్చింది. అప్పుడైనా అడగొచ్చు. ఊళ్లో అందరికీ కథలు చెప్పి నవ్వించే నోరు ఆయన ముందు మాత్రం తెరుచుకోలేదు. ఆయన పోయి చాలా ఏళ్లయింది. మేమున్న బారు కూలగొట్టేశారు. పెరడు ఎక్కడుండేదో ఇప్పుడు నేనే చూపించలేను.

ఇప్పుడు నేనుండే తాల్‌బగీచాలో మా వీధి ఆడవాళ్లు చేరితే నన్ను ఈ కథే అడుగుతారు. ఒకసారి అమ్మ టీసీని, "ఇన్ని బళ్లలో మా ఆయన బిగించింది ఏది బాబూ?" అని అడిగిందంటాను. ఇంకోసారి, "కోడికి కూడా టిక్కెట్టు కావాలా?" అందంటాను. ఏది చెప్పినా బాగుందంటారు, పొట్ట చెక్కలయ్యేలా నవ్వుతారు. వాళ్లు నవ్వుతుండగా నేను మాత్రం ఒక్క క్షణం ఆగుతాను, "అది కాదే అమ్మీ, అసలేటడిగిందంటే," అని ఎవరైనా అడ్డుపడతారేమోనని. ఎవరూ అడ్డుపడరు.