కింది దీపం

ఇది కల్పించి చెబుతుంటే, మా ఆయన వేటకు వెళ్లే సముద్రమే నన్ను అడుగుతుంది. నమ్మండి. నమ్మకపోయినా... వినండి.

మాది హోప్ టౌన్, దీవిలో ఊరు. ఇల్లు గట్టు మీద, ఒడ్డు కింద. చీకటి పడ్డాక మా ఆయన పడవ రాళ్ల మధ్య సందులోంచి రావాలంటే రెండు దీపాలు కావాలి. పైన మా ఇంటి బల్బు. కింద ఒడ్డున నా చేతిలో టార్చి. రెండూ ఒకదాని మీద ఒకటి నిలువుగా కనిపిస్తే దారి సరైనది. ఒకటి లేకపోతే రెండోది ఉన్నా లేనట్టే.

ఆ సాయంత్రం గాలి లేచింది. కరెంటు పోయింది. ఊరంతా... నలుపు. పడవ ఇంకా రాలేదు.

రిపేరుకు వచ్చిన ఒక హోటలు యజమాని ఖరీదైన పెద్ద బండి మా వాకిట్లో సముద్రం వైపు ముఖం పెట్టి ఉంది. బ్యాటరీని నింపే ఆల్టర్నేటర్ కాలిపోయింది. కొత్తది ఓడలో వచ్చింది. బిగిస్తున్నది మా అమ్మాయి లలిత. ఇలాంటి బండిని ఆడపిల్ల చేతిలో పెడతారా అని నవ్విన వాళ్లే ఇప్పుడు తమ బళ్లు తెచ్చి మా వాకిట్లో నిలబెడుతున్నారు. యాభై దాటిన నాకు అక్షరాలు దిద్దించిందీ ఆ చేతులే.

"అమ్మా, నాన్నకి పై దీపం ఈ బండే," అంది. "బెల్టు ఒకటే మిగిలింది. బోటు పాత బ్యాటరీ తగిలిస్తే ఒక్కసారి స్టార్టవుద్ది. తర్వాత ఆల్టర్నేటరే సూసుకుంటాది. టార్చి ఇటు పట్టు."

ఉన్నది ఒక్కటే టార్చి. నేను కిందికి వెళ్తే పై దీపం లేదు. ఇక్కడే ఉంటే కింది దీపం లేదు.

"మరి కింద ఎవలుంటారే?"

"ముందు ఇది ఎలగనీ. అప్పుడు పరిగెత్తు. లైటు నా మొకం మీద కాదమ్మా, బెల్టు మీద ఎయ్యి. నా మొకం పుట్టినకాడ్నించి సూస్తనే ఉన్నావు గదా."

ఆ పిల్ల వేళ్లు... చూడాలి మీరు. చెయ్యి పట్టని సందులోకి దూరాయి. బెల్టు కప్పీల మీదుగా సాగింది. టక్... స్పానరు ఆగింది.

"బస్, అయిపోయింది," అంది. బోటు బ్యాటరీ తగిలించి తాళం తిప్పింది.

బండి ఒకసారి మూలిగింది. ఆగింది. మళ్లీ మూలిగి... అందుకుంది. లైట్లు సముద్రం మీద పడ్డాయి.

టార్చి పట్టుకుని పరిగెత్తబోయాను.

ఆగిపోయాను.

కింద... నేను రోజూ నిలబడే చోట... దీపం ఉంది. చిన్నది. పసుపు రంగు. గాలి కొబ్బరి మట్టలను విరిచేస్తోంది... అది మాత్రం కదలడం లేదు.

"లలితా..."

"కనిపిస్తందమ్మా," అంది నెమ్మదిగా.

పడవ ఇంజను చప్పుడు వినిపించింది. దగ్గరైంది. దీపం... లేదు.

మేము దిగేసరికి మా ఆయన పడవను ఒడ్డుకు లాగుతున్నాడు. వణుకుతున్నాడు. నన్ను చూసి చిరాకుపడ్డాడు.

"ఏటే, మోకాలు లోతు నీళ్లలో అలాగ నిలబడిపోయావు? సెయ్యూపితే ఊపవు. పిలిస్తే పలకవు."

నా చీర అంచు తడిమి చూసుకున్నాను. పొడిగా ఉంది.

మర్నాడు ఊరంతా అడిగాను. ఆ గాలిలో ఒడ్డుకు ఎవరూ రాలేదన్నారు. బండిలో ఏ చప్పుడు విన్నా కారణం చెప్పే లలిత దీనికి మాత్రం... తల అడ్డంగా ఊపుతుంది.

ఇప్పుడూ చీకటి పడితే టార్చి పట్టుకుని అక్కడే నిలబడతాను. పక్కన... ఒక మనిషికి చోటు వదిలి.